పాత మహాగని బీరువా: అమ్మజూపువారికి

చదువవలసిన వచనము: సామెతలు 20:14

కొనువాడు వస్తువును తక్కువచేసి మాటలాడి, బేరము కుదిరిన పిమ్మట దాని గొప్ప చెప్పుకొనుచు పోవునని ఈ వచనము తెలుపుచున్నది. మన ఇండ్లలో తాతలనాటి బట్టల బీరువాను పెండ్లికో వైద్యమునకో అమ్మజూపుదురు. వచ్చిన వర్తకుడు “చెదపట్టిన కర్ర” అనును. పట్టణములో అతడే దానిని “ఇంగ్లీషు మహాగని” అని అమ్మును. కావున మన వస్తువేదో మనమే ముందుగా తెలిసికొందము.

మహాగని మన అడవుల చెట్టు కాదు. క్యూబా, జమైకా, హోండురాసు ప్రాంతములది. 1721లో ఇంగ్లండు తన అమెరికా వలసల కలపపై సుంకము తీసివేయగా అది ఓడలకొలది లండను చేరెను. ఆ మ్రానులను నరికినవారు ఆఫ్రికానుండి కొనిపోబడిన బానిసలు. దొరసానుల పట్టుబట్టలు ఆ తలుపుల వెనుక భద్రముగా నుండెను. నరికినవానికి మార్చి కట్టుకొను గుడ్డ గలదో లేదో! 1795లో ఆ మొక్కలు కలకత్తా తోటకు వచ్చెను. నేడు మన రైతులును నాటుచున్నారు. కనుక కర్ర మహాగనియైనంత మాత్రమున బీరువా పాతది కాదు, ఇంగ్లీషుదియు కాదు.

సాలూరు ప్రాంతమున పనిచేసిన బ్రెక్లుం మిషనువారు జర్మనులు. వారి బంగళానుండి వచ్చినదని చెప్పినంతనే అది ఇంగ్లీషుదని యెట్లనగలము? పైగా దొరల నమూనా చూచి మన వడ్రంగులే టేకుతో, ఇరుగుడు కర్రతో చేసినవి అనేకము. అది చిన్నతనము కాదు. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు దంతము పొదిగి చేసిన సామాను ఇంగ్లండు మ్యూజియములలో నున్నది. అయితే దంతము పొదిగినదానిని ఇప్పుడు అమ్మరాదు, వన్యప్రాణి చట్టము ఒప్పదు.

ముందు వైపు మెరుగు చూచి మోసపోకుడి. వెనుకకు త్రిప్పి చూడుడి. ఇంగ్లీషు బీరువాలలో పెక్కింటికి వెనుక పలకలు చౌక దేవదారు జాతి కర్ర. ముందు మహాగని, అదియు ఒక్కొక్కప్పుడు పలుచని పొర మాత్రమే. సొరుగు మూలలలో పండ్లవలె కోసి బిగించిన అతుకులు ఎగుడుదిగుడుగా నున్నయెడల చేతిపని. అన్నియు ఒకే కొలతనున్న యెడల యంత్రపుపని కావచ్చును. మొన తేలిన మర మేకులు సుమారు 1850 తరువాతివి, అంతకు ముందువి మొద్దుమొన గలవి. కాని మేకులు మార్చుట సులభము గనుక వాటినొక్కటే నమ్మరాదు. కనబడనిచోట కొంచెము గీకి, లారీ బాడీలు కట్టు మన సాలూరు వడ్రంగిచేత వాసన చూపించుడి. టేకు వాసన అతనికి చెప్పనక్కరలేదు. టేకని తేలినయెడల టేకనియే చెప్పి అమ్ముడి. తెలిసియు మహాగని యనుట ఆ వర్తకుని పనియే.

నూరేండ్లు దాటిన పనితనపు వస్తువు 1972 నాటి చట్టము క్రింద పురావస్తువు కావచ్చును. అట్టిదానిని మనము విదేశమునకు పంపరాదు, దానితో వ్యాపారము చేయువానికి లైసెన్సు ఉండవలెను. ఆ కాగితము చూపుమని అడుగుడి. వర్తకుడు ఎంత తొందరపెట్టినను, వడ్రంగి వచ్చి చూచువరకు బయానా పుచ్చుకొనకుడి.