కుట్టు మిషన్ ఇచ్చిన తర్వాత

రంజాన్ నెలలో జకాత్ సొమ్ముతో కుట్టు మిషన్లు, తోపుడు బండ్లు, గొర్రెపిల్లలు పంచడం మన ప్రాంతంలో చాలా సంఘాలకు అలవాటు. ఇచ్చిన రోజు ఫోటో ఉంటుంది. ఏడాది తిరిగాక ఆ మిషన్ నడుస్తోందా, గుడ్డ కప్పుకొని మూలన ఉందా, అమ్ముడుపోయిందా అనే లెక్క మాత్రం అరుదుగా దొరుకుతుంది. కళ్యాణదుర్గం లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే జిల్లా మనది. వాన తప్పి వేరుశనగ పోయిన ఏడు కొత్త జాకెట్టు కుట్టించుకునేవారు తగ్గిపోతారు. అప్పుడు కూడా ఒక సోదరి వ్యాపారం నిలవాలంటే ఎంత ఇచ్చామన్నదానికంటే, ఇచ్చాక ఆమె వెంట ఎవరున్నారన్నది ముఖ్యమని మేము భావిస్తున్నాం.

అబూ దావూద్ హదీస్ గ్రంథంలోని ఒక సంఘటన చాలామందికి తెలిసిందే. ఒక అన్సారీ సహాయం కోరి దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చారు. ఇంట్లో ఏముందని ప్రవక్త అడిగారు. ఒక గుడ్డ, నీళ్లు తాగే గిన్నె మాత్రమే ఉన్నాయని తెలిసింది. వాటిని తెప్పించి వేలం వేస్తే రెండు దిర్హములు వచ్చాయి. ఒకటి ఇంటివారి తిండికి, రెండోది గొడ్డలి కొనడానికి. ఆ గొడ్డలికి ప్రవక్త స్వయంగా పిడి బిగించి ఇచ్చి, కట్టెలు అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా తనకు కనబడవద్దని చెప్పి పంపారు. ఆ మనిషి పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చారు.

ప్రసంగాల్లో ఈ హదీస్‌ను యాచన కూడదని చెప్పడానికే ఎక్కువగా ఉదహరిస్తారు. మాలాంటి ఉపాధ్యాయుల కంటికి ఇందులో ఒక పూర్తి పాఠం కనబడుతుంది. చేతిలో ఏముందో ముందు అడగడం, పనిముట్టుతో పాటు ఇంటి తిండికీ డబ్బు తీయడం, పనిముట్టును పనికి సిద్ధం చేసి ఇవ్వడం, గడువు పెట్టి ఫలితం చూడడం. నేటి పంపిణీల్లో తరచు గొడ్డలి ఉంటుంది, పిడి ఉండదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో నిరుపేద మహిళల కోసం మొదలుపెట్టిన కార్యక్రమం కూడా దాదాపు ఇదే వరుసలో సాగింది. ఆవో మేకలో ఉచితంగా ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చు భరించి, శిక్షణ ఇచ్చి, పొదుపు అలవాటు చేసి, రెండేళ్లపాటు తరచుగా ఇంటికి వెళ్లి చూసేవారు. తర్వాత ఇండియా, పాకిస్తాన్ సహా ఆరు దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాలతో ఇలాంటి కార్యక్రమాన్ని పరిశీలించారు. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల మేలు నిలిచిందని 2015లో ప్రకటించారు. ఆ పరిశోధకుల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, మెదక్ జిల్లాలో, ఎస్.కె.ఎస్. నడిపిన ఇలాంటి కార్యక్రమం ఫలితం వేరుగా ఉంది. పశువులు తీసుకున్న కుటుంబాలకూ, తీసుకోని కుటుంబాలకూ చివరికి పెద్ద తేడా కనబడలేదు. అక్కడ ఆ సంవత్సరాల్లో కూలి రేట్లు పెరిగాయి. పశువులు తీసుకోనివారు కూలికి వెళ్లి అంతే సంపాదించారు. తీసుకున్నవారు పశువుల కోసం కూలి మానుకున్నారు, కొందరు వాటిని అమ్మి అప్పులు తీర్చుకున్నారు. మనకు బెంగాల్ కథకంటే ఈ మెదక్ కథే ఎక్కువ ఉపయోగం. ఈ పనికోసం ఆమె వదులుకునే కూలి ఎంత అని ముందే అడగాలి. ఇంట్లో అప్పు ఉందా అని కూడా అడగాలి, ఎందుకంటే వడ్డీ అప్పు ఉన్న ఇంట్లో గొర్రె ఎక్కువ రోజులు ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. జాకెట్టుకు 150 రూపాయల చొప్పున నెలకు 40 కుడితే 6,000 వస్తాయి. లైనింగ్, దారం, హుక్కులకు 1,600, కరెంటు, సర్వీసింగ్‌కు 300. 12,000 పెట్టి కొన్న మిషన్ ఐదేళ్లు వస్తుందనుకుంటే నెలకు అరుగుదల 200. మిగిలేది 3,900. ఇరవై ఐదు రోజుల పనికి రోజుకు 156 రూపాయలు. అందులో పది జాకెట్లు బాకీ పడితే చేతికొచ్చేది 2,400, అంటే రోజుకు 96. ఈ లెక్క కాగితం మీద చూడకపోతే మిషన్ రోజంతా తిరుగుతున్నా ఇల్లు ఎందుకు గడవడం లేదో ఆమెకు అర్థం కాదు. పక్కనున్న రాయదుర్గంలో జీన్స్ కుట్టేవారికి పీసుకు ఎంత ఇస్తున్నారో దీని పక్కన రాస్తే, సొంతంగా కుట్టడమా, పీసు పనికి పోవడమా అన్నది ఆమే తేల్చుకోగలదు.

వెంట ఉండే మనిషి పని ఇదే. పెద్ద చదువు అక్కర్లేదు. ఆ పని పదేళ్లు చేసిన ఒక ఆపా వారానికోసారి ఇంటికి వెళ్లి నోటుపుస్తకం చూస్తే చాలు. ఎదురింటివారి బాకీ ఎలా అడగాలి, చుట్టాలకు రేటు ఎలా చెప్పాలి, పెళ్లిళ్లు లేని నెలల్లో స్కూలు యూనిఫాం పని ఎక్కడ దొరుకుతుంది అనేవి ట్రైనింగ్ సర్టిఫికెట్‌లో రావు. ఇంకోటి కూడా ఆపా గమనించాలి. గిరాకీలు డబ్బు వేసే ఫోన్ నంబరు కొడుకుదో, తమ్ముడిదో అయితే వ్యాపారం పేరుకే ఆమెది. ఇంటి మగవాళ్లకు ఈ మాట చెప్పడం సులభం కాదు, కానీ బయటివారెవరైనా చెబితేనే వింటారు.

జకాత్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను అర్హులకు సొంతం చేసి ఇవ్వాలి. కనుక మిషన్ ఆమెదే, కంతులు వసూలు చేయడానికి గానీ, పని సాగలేదని వెనక్కి తీసుకోవడానికి గానీ వీల్లేదు. తిరిగి వచ్చే సొమ్ము కావాలంటే సదఖా నిధి నుంచి ఖర్జె హసనాగా, వడ్డీ లేకుండా, వేరుగా ఇవ్వవచ్చు. ఆపా దారి ఖర్చులు కూడా సదఖా నుంచే తీస్తే ఎవరికీ సందేహం ఉండదు. నిధి పెరగకపోతే పదిమందికి ఇచ్చేచోట ఏడుగురికి ఇవ్వాల్సి రావచ్చు. మిగతా ముగ్గురికి వచ్చే ఏడాదని చెప్పడం కష్టమే, అయినా అదే మేలని మా అభిప్రాయం.

ఈసారి దరఖాస్తు ఫారంలో మూడు గడులు అదనంగా ఉంటే బాగుంటుంది: ఇప్పుడు రోజుకు దొరుకుతున్న కూలి ఎంత, ఇంటిమీద ఉన్న అప్పు ఎంత, మిషన్ ఇచ్చిన పదిహేనో రోజున ఆమె ఇంటికి వెళ్లే ఆపా పేరేమిటి. మూడో గడి సంఘమే నింపాలి.