మొలకలకి గ్రో లైట్ కొంటున్నారా? బాక్స్ మీద వాట్స్ కాదు, ఇవి చూడండి

మా అమ్మమ్మ ఊరి నుంచి ఓ కాగితం పొట్లంలో నాటు వంకాయ గింజలు పంపింది. లెక్కపెడితే 30 ఉన్నాయి. ఆ రకం ఇప్పుడు ఊళ్లో కూడా ఎవరి దగ్గరా లేదంట. మాదేమో హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, ఉత్తరం వైపు బాల్కనీ, టెర్రస్‌కి ఎప్పుడూ తాళమే. మొదటి విడతలో 12 గింజలు కప్పుల్లో వేసి కిటికీ దగ్గర పెట్టాను. మొలకలు వచ్చాయి, కానీ వారంలోపే దారప్పోగుల్లా సాగిపోయి, తెల్లబడి, మట్టి మీద వాలిపోయాయి. 12కి 12 పోయాయి. ఇక మిగిలినవి 18. అందుకే ఈసారి ఫోన్ కొనేముందు స్పెక్స్ చదివినట్టు లైట్ స్పెక్స్ కూడా చదివాను.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. కిటికీ దగ్గర మన కంటికి వెలుతురు బాగానే ఉన్నట్టు ఉంటుంది. కానీ బయట మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటే, ఎండ నేరుగా పడని గదిలో వెయ్యి లక్స్ ఉన్నా గొప్పే. మన కళ్లు ఫోన్ కెమెరాలోని ఆటో ఎక్స్‌పోజర్‌లా సర్దుకుపోతాయి కాబట్టి ఆ తేడా మనకి తెలియదు. మొక్కకి తెలుస్తుంది. నీడలో ఉన్నానని అర్థం చేసుకుని, వెలుతురు కోసం కాండాన్ని పొడుగ్గా సాగదీస్తుంది. బలం లేని పొడుగు అన్నమాట.

ఇక స్పెక్స్ సంగతి. మొక్కలు ప్రధానంగా వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు. ఒక చదరపు మీటరు మీద సెకనుకి అలాంటి ఫోటాన్లు ఎన్ని పడుతున్నాయో చెప్పే కొలతే పీపీఎఫ్‌డీ. దీన్ని మైక్రోమోల్స్‌లో చెప్తారు. వంగ, టమాటా, మిరప మొలకలకి 150 నుంచి 250 మధ్య ఉంటే హాయిగా పెరుగుతాయి. మంచి కంపెనీలు ఏ ఎత్తులో ఎంత వస్తుందో చార్ట్ ఇస్తాయి. ఆ చార్ట్ లేకుండా '1000 వాట్స్' అని పెద్ద అక్షరాలు మాత్రమే ఉంటే అక్కడే ఆగండి.

నేను ఆగలేదు. ఊదారంగు వెలుతురు వచ్చే ఒక ప్యానెల్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశా. పవర్ చూపించే స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి చూస్తే వచ్చిన రీడింగ్ 68 వాట్స్! ఆ 1000 అనేది పాతకాలం సోడియం దీపాలతో పోల్చి వేసుకున్న 'సమానం' లెక్క అట. అలాంటి ఎరుపు, నీలం లైట్లు మొక్కలకి పనికిరావని కాదు, పనిచేస్తాయి. కానీ ఆ రంగులో ఆకు పచ్చగా ఉందో పసుపు తిరిగిందో మనకి కనపడదు, రాత్రిపూట గది చూస్తే డీజే పెట్టినట్టుంది. రిటర్న్ చేసేశా.

చివరికి నాకు పనికొచ్చింది ఏంటో తెలుసా? ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండు అడుగుల 10 వాట్స్ ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు. 6500 కెల్విన్, అంటే బాక్స్ మీద 'కూల్ డేలైట్' అని రాసి ఉండేవి. ఈ తెల్ల వెలుతురులో నీలం పాలు ఎక్కువ. నీలం తగినంత ఉంటే కాండం సాగకుండా పొట్టిగా, గట్టిగా ఉంటుంది. 4000 కెల్విన్ అయినా ఫర్వాలేదు. 3000 కెల్విన్ వార్మ్ వైట్‌లో ఎరుపు ఎక్కువ కాబట్టి మొలకల దశకి నా ఓటు దానికి లేదు.

మరి పీపీఎఫ్‌డీ ఎలా కొలవాలి? అసలైన మీటర్ చాలా ఖరీదు. కానీ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్క్రీన్ బ్రైట్‌నెస్‌ని సర్దే లైట్ సెన్సర్ ఉంది కదా, ఏదైనా లక్స్ మీటర్ యాప్ దాన్నే వాడుకుంటుంది. ఫోన్‌ని ఆకులు ఉండే ఎత్తులో, స్క్రీన్ పైకి ఉండేలా పెట్టండి. వచ్చిన లక్స్‌ని 70తో భాగిస్తే తెల్ల ఎల్‌ఈడీకి పీపీఎఫ్‌డీ సుమారుగా వచ్చేస్తుంది. ఐఫోన్‌లో యాప్‌లకి ఆ సెన్సర్ అందదు, కెమెరాతో అంచనా వేస్తాయి. సెన్సర్ డిస్‌ప్లే కింద ఉన్న ఫోన్లలో రీడింగ్ తేడా రావచ్చు. ల్యాబ్ లెక్క కాదు గానీ, మనకి ఇది చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఊదా లైట్ల కింద ఈ చిట్కా పనిచేయదు. లక్స్ అనేది మనిషి కంటి కోసం చేసిన కొలత, పచ్చ రంగుకి మార్కులు ఎక్కువ వేసి ఎరుపు, నీలానికి తక్కువ వేస్తుంది.

నా రెండు ట్యూబుల్ని పక్కపక్కన బిగించి, ఆకులకి 10 సెంటీమీటర్ల పైన వేలాడదీస్తే మధ్యలో 13,000 లక్స్ దాకా వచ్చింది. అంటే దాదాపు 185. అంచుల్లో 8,000 దాటలేదు, అందుకే రెండు రోజులకోసారి కప్పుల స్థానాలు మార్చేవాడిని. ఎత్తు పెంచితే వెలుతురు చాలా త్వరగా పడిపోతుంది. సీలింగ్ లైట్ మొలకలకి ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

టైమర్ పెట్టుకోండి: 16 గంటలు ఆన్, 8 గంటలు ఆఫ్. 185ని 16 గంటలకి లెక్కేస్తే రోజుకి 10.7 మోల్స్, మొలకలకి సరిపోతుంది. కరెంటు ఎంతంటారా? 20 వాట్స్ 16 గంటలు అంటే 0.32 యూనిట్, నెలకి పది యూనిట్లు కూడా కాదు. ఈ గింజలు మొలవడానికి లైట్ అక్కర్లేదు గానీ, మట్టిలోంచి మెడ బయటపెట్టిన రోజే స్విచ్ వేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా సాగడం మొదలైపోతుంది. ఆకులు ముడుచుకుంటున్నా, పైభాగం తెల్లబారుతున్నా లైట్ కాస్త పైకి జరపండి. చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ గాలి తగిలితే కాండం ఇంకా గట్టిపడుతుంది.

ఈసారి 10 గింజలే వేశా, 8 పొట్లంలోనే ఉంచా. తొమ్మిది మొలిచాయి, ఒక్కటీ వాలలేదు. నాలుగో వారంలో బాల్కనీ దాటి ఎండలోకి తీసుకెళ్లాల్సి వచ్చింది. 13,000 లక్స్‌కి అలవాటైన ఆకుని ఒక్కసారిగా లక్ష లక్స్‌లో పెడితే మాడిపోతుంది. కాబట్టి వాచ్‌మన్ అంకుల్‌ని బతిమాలి టెర్రస్ తాళం తీయించుకుని, మొదటి రోజు పొద్దున్నే అరగంట, తర్వాత రోజూ ఇంకాస్త చొప్పున వారం పాటు అలవాటు చేశా. ఇప్పుడు తొమ్మిదీ అక్కడే ఉన్నాయి, రెండు ఆయన పెంచుతున్నారు.