రెండు వెండి బూరలు
(సంఘ కమిటీ సభ్యుల కొరకు ఒక పాఠము)

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 10:1-10, న్యాయాధిపతులు 12:1-6.



ఆదివారపు ఆరాధన ముగిసినది. కమిటీ సభ్యులు తొమ్మిదిమంది. చెట్టు క్రింద ఐదుగురు నిలిచియున్నారు. “మనము ఐదుగురము ఉన్నాము, కోరము సరిపోయినది, చర్చి ఆవరణలోని కొట్టును లీజుకిచ్చు సంగతి ఇప్పుడే తేల్చివేయుదము” అని ఒకరు అనిరి. ఐదుగురును ఏకమనస్సుతో ఒప్పుకొనిరి. ప్రార్థన కూడ చేసిరి. మినిట్సు పుస్తకములో తీర్మానము వ్రాయబడెను. ఇందులో తప్పేమి అని మనలో అనేకులు అడుగుదురు. మిగిలిన నలుగురికి పిలుపు అందలేదు, అదియే తప్పు.

దేవుడు మోషేతో రెండు వెండి బూరలు చేయించుకొనుమని సెలవిచ్చెను. రెండును ఊదినయెడల సర్వసమాజము ప్రత్యక్షపు గుడారము నొద్దకు రావలెను. ఒకటి మాత్రమే ఊదినయెడల ప్రధానులు రావలెను. ఆర్భాటముగా ఊదినయెడల పాళెములు ప్రయాణము సాగింపవలెను. ఎవరు రావలెనో, ఎక్కడికి రావలెనో, ఎందుకు రావలెనో ఆ ధ్వనియే తెలియజేయుచుండెను. గుడారము దగ్గర నున్నవారికి మాత్రమే వినబడునట్లు మెల్లగా పిలువుమని దేవుడు చెప్పలేదు. పాళెము చివర నున్నవానికిని వినబడుటకే బూర.

సభలు నడుపు విధానమును గూర్చి లోకమున మిక్కిలి వాడుకలో నున్న గ్రంథములలో ఒకటి హెన్రీ మార్టిన్ రాబర్టు వ్రాసినది. ఈయన అమెరికా సైన్యములో ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణమందు ఒక చర్చిలో జరిగిన సభకు అధ్యక్షత వహింపవలసి వచ్చి, సభను నడుపుట తెలియక సిగ్గుపడెను. ఆ సిగ్గే ఆయనను ఈ విషయమును నేర్చుకొన పురికొల్పెను. 1876లో ఆయన గ్రంథము వెలువడెను. దాని పండ్రెండవ కూర్పు 2020లో వచ్చినది. ప్రతి సంఘమును మొదట దేశపు చట్టమును, తన నియమావళిని అనుసరింపవలెను. అయినను ఈ గ్రంథము నేర్పునది మనకు మేలైన పాఠము.

1. నోటీసు ప్రతి సభ్యునికి అందవలెను. ఎప్పుడును రానివానికిని, మనతో ఏకీభవింపనివానికిని పంపవలెను. నెలకొకమారు ఫలానా దినమున అని ముందే స్థిరపడిన సాధారణ సమావేశమునకు, నియమావళి కోరనియెడల, వేరే నోటీసు అక్కర లేదు. ప్రత్యేక సమావేశమునకు మాత్రము తప్పక కావలెను.

2. తగినంత ముందుగా అందవలెను. ఎన్ని దినములో నియమావళిలో వ్రాసియుంచుట మేలు. మన దేశములో 2013 కంపెనీల చట్టము డైరెక్టర్ల బోర్డు సమావేశమునకు 7 దినములకు తక్కువ కాని వ్రాతపూర్వకమైన నోటీసు కోరుచున్నది. ఆ చట్టము సంఘ కమిటీలకు వర్తింపదు. అయినను డబ్బు వ్యవహారమునకే అంత జాగ్రత్త యుండగా, దేవుని యిల్లు నడుపువారికి ఇంకెంత యుండవలెను!

3. తేదీ, వేళ, స్థలము, పని నోటీసులో స్పష్టముగా నుండవలెను. ప్రత్యేక సమావేశములో ఆ చెప్పిన పనినే చూడవలెను. పైకప్పు మరమ్మతు కొరకని పిలిచి, కావలివానిని పనినుండి తొలగించుటకు తీర్మానింపరాదు. అట్టి తీర్మానము, తరువాత సక్రమముగా కూడిన సమావేశము ధ్రువపరచినగాని నిలువదు.

4. వచ్చినవారందరు ఒప్పుకొనినను నోటీసు లేని లోపము తీరదు. ఏలయనగా నోటీసు రానివాని హక్కును కాపాడునది. ఆ హక్కును వచ్చినవారు ఎట్లు విడిచిపెట్టగలరు? కోరము లెక్కకు సంబంధించినది. నోటీసు న్యాయమునకు సంబంధించినది. ఒకటి ఉన్నంతమాత్రమున రెండవది ఉన్నట్లు కాదు.

5. ఇంటింటికి తిరిగి సంతకములు తీసికొనినను, ఒక్కొక్కరిని ఫోనులో అడిగినను, రాబర్టు నియమముల ప్రకారము అది కమిటీ తీర్మానము కాదు. తొమ్మిదిమంది వేర్వేరుగా ఒప్పుకొనుట వేరు, కూడి ఒకరి మాట ఒకరు విని నిర్ణయించుట వేరు.

“ఇద్దరు ముగ్గురు కూడినచోట ప్రభువు ఉండును గదా” అని కొందరందురు. నిజమే. అయితే ఆ వాగ్దానము ఆయన నామమున కూడువారికే గాని, సహోదరుని వెలుపల నుంచి కూడుటకు అనుమతి కాదు.

పిలుపు విషయమై వచ్చు తగవు ఎంతవరకు పోవునో యెఫ్తా కాలములో చూచుచున్నాము. అమ్మోనీయులతో యుద్ధమునకు మమ్మును పిలువక ఏల పోతివని ఎఫ్రాయిమీయులు కోపగించిరి. నేను పిలిచితిని, మీరు రాలేదని యెఫ్తా చెప్పెను. అంతకుముందు అధ్యాయములో అట్టి పిలుపు వ్రాయబడలేదు. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఆధారము లేదు. తుదకు యొర్దాను రేవులయొద్ద 42,000 మంది ఎఫ్రాయిమీయులు హతులైరి. పిలిచితిమని నోటితో అనుట చాలదు. నోటీసు నకలును, అది ఎవరికెప్పుడు అందెనో ఆ వివరమును కార్యదర్శి దాచియుంచవలెను. వాట్సాప్‌లో పంపినను, అది లేని వృద్ధుడైన పెద్దకు మనిషి చేత కాగితము పంపవలెను.

చెట్టు క్రింద నిలిచిన ఆ ఐదుగురు దుర్మార్గులు కారు. తొందరలో మనమును అట్లే చేసియుందుము. కొట్టు లీజు మంచిదే కావచ్చును. అయితే పిలువబడని నలుగురు మరుసటి ఆదివారము ఆ సంగతి ఇతరుల నోట వినునప్పుడు, లీజుకంటె విలువగల నమ్మకము పోవును. దానిని తిరిగి సంపాదించుటకు ఏండ్లు పట్టును. వారము దినములు ఓర్చుకొని నలుగురిని పిలిచినయెడల అదే తీర్మానము కావచ్చును, లేక వారిలో ఒకరు మనకు తెలియని సంగతి చెప్పి సంఘమును నష్టమునుండి తప్పింపవచ్చును.

ఆలోచించుడి:
1. మన నియమావళిలో నోటీసుకు ఎన్ని దినములు నిర్ణయింపబడినవి?
2. గత సంవత్సరము మన తీర్మానములలో ఏదైనను ఒకరిని పిలువక చేసితిమా? అట్లయిన తిరిగి సక్రమముగా కూడి సరిచేయుదమా?
3. మన బూర ధ్వని పాళెము చివరవరకు వినబడుచున్నదా?

ప్రార్థన: ప్రభువా, దూరముగా నున్న సహోదరుని మరువని మనస్సు మాకు దయచేయుము. మా కూటములన్నియు వెలుగులో జరుగునట్లు సహాయము చేయుము. ఆమేన్.