ఇంట్లో కంప్యూటర్ మూగబోతే...



సెలవులకు ఇంటికి వెళ్ళి పాఠం పెడితే బొమ్మ కదులుతుంది, మాట మాత్రం వినిపించదు. మన పెనుకొండ, ధర్మవరం, హిందూపురం వైపు ఇళ్ళలోకి వచ్చే కంప్యూటర్లలో బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినవి చాలానే ఉంటాయి. బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు. మూగబోయిందంటే నాన్న దాన్ని దుకాణానికి మోసుకెళ్ళాలి. మగ్గం మీద రెండు మూడు రోజులు కూర్చుని సంపాదించిన కూలి అక్కడ పెట్టాలి. అసలు లోపం ఎక్కడుందో మీరే పట్టుకోగలిగితే ఆ డబ్బు ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

మడికి నీళ్ళు రాకపోతే చెరువు ఎండిపోయిందని ఎవరూ అనుకోరు. తూము చూస్తారు, కాలువ వెంబడి నడుస్తారు. శబ్దానికీ అలాంటి దారే ఉంది. ఫైలు, దాన్ని చదివే ప్లేయర్, డ్రైవర్, సౌండ్ చిప్, వైరు గుచ్చే రంధ్రం, చివరికి స్పీకర్. మనం చివరి నుంచి వెనక్కి నడుద్దాం.

ముందు ఆ స్పీకర్‌ను ఫోనుకో టీవీకో తగిలించండి. అక్కడ పలికితే స్పీకర్ మంచిదే. తర్వాత కంప్యూటర్ వెనక రంధ్రాల రంగులు చూడండి. పీసీ-99 ప్రమాణం ప్రకారం స్పీకర్‌కు లేత ఆకుపచ్చ, మైకుకు గులాబి, బయటి శబ్దం లోపలికి రావడానికి లేత నీలం. గులాబి రంధ్రంలో గుచ్చిన స్పీకర్ మామూలుగా పలకదు.

వైరు సరిగ్గానే ఉంటే గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కండి. మ్యూట్ ఒక్కటే చూసి వదిలేయకండి. శబ్దం ఎటు పోతున్నదో కూడా అక్కడే తెలుస్తుంది. హెచ్‌డీఎంఐ వైరుతో మానిటర్ తగిలిస్తే కంప్యూటర్ శబ్దాన్ని కూడా ఆ మానిటర్‌కే పంపవచ్చు. మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే ఇక వినపడేది ఏముంటుంది? జాబితాలో మీ స్పీకర్‌ను ఎంచుకుంటే చాలు. ఆ జాబితాలో ఏమీ లేకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. పసుపుపచ్చ ఆశ్చర్యార్థకం కనిపిస్తే లోపం డ్రైవర్‌దని అనుకోవచ్చు. కంప్యూటర్ మోడల్ నంబరు చూసుకుని తయారుచేసిన కంపెనీ సైటు నుంచే డ్రైవర్ తెచ్చుకోండి.

అన్ని పాటలూ వినిపించి ఒక్క ఫైలు మాత్రం మొరాయిస్తే తప్పు కంప్యూటర్‌ది కాదు. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. నిమిషం పాటకు 10 ఎంబీ దాకా అవుతుంది. అదే పాటను 128 కిలోబిట్ల ఎంపీ 3గా కుదిస్తే నిమిషానికి ఒక ఎంబీ చాలు. ఇలా కుదించి, మళ్ళీ విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. ఎంపీ 4 అనేది కోడెక్ కాదు, డబ్బా. ఇంట్లో హార్లిక్స్ సీసాలో చెనిక్కాయ పప్పులు పోసి పెడతారు కదా, అలాగే పైన ఒకే పేరున్నా లోపల సరుకు వేరు కావచ్చు. బొమ్మను విప్పడం తెలిసిన ప్లేయర్‌కు అందులోని శబ్దాన్ని విప్పడం తెలియకపోతే మూగ సినిమాయే. ఫైలు పేరు చివరి అక్షరాలు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు.

దీనికి మందు వీఎల్‌సీ ప్లేయర్. ఉచితం. చాలా రకాల కోడెక్‌లు అందులోనే ఉంటాయి. 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో పంపడానికి మొదలుపెట్టిన పని అది. అంటే వాళ్ళూ మనలా వసతిలో ఉన్న పిల్లలే! 'ఈ వీడియో చూడాలంటే కోడెక్ దింపుకోండి' అని తెలియని సైటు అడిగితే మాత్రం ముట్టుకోకండి. ఆ వేషంలో వైరస్‌లు వస్తాయి. వీఎల్‌సీలోనూ తెరుచుకోకపోతే ఫైలు సగమే కాపీ అయి ఉండవచ్చు. ఎంపీ 4 విషయసూచిక చాలాసార్లు ఫైలు చివర ఉంటుంది. పెన్‌డ్రైవ్ తొందరపడి లాగితే అదే పోతుంది.

ఇక గుంయ్‌మనే రొద. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి చూడండి. రొద ఆగితే అది కరెంటు దారిన వస్తున్నదే, ఎర్తు సరిగా లేకపోయినా ఇలా వస్తుంది. మన వైపు ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోతుంది, అందులో నీళ్ళు పోయమని పెద్దలకు చెప్పండి. రొద తగ్గుతుందని, సాకెట్‌లో దూరడం లేదని ప్లగ్గులోని లావు పిన్ను విరగ్గొట్టేవాళ్ళు ఉన్నారు. అది ఎర్తు పిన్ను. అది లేకపోతే క్యాబినెట్‌కు తగిలిన కరెంటు భూమిలోకి పోవడానికి మీ ఒళ్ళే దారి అవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా పలకకపోతే సౌండ్ చిప్పో, రంధ్రమో పోయి ఉండవచ్చు. దుకాణంలో మదర్‌బోర్డు మార్చాలంటే వెంటనే ఒప్పుకోవద్దు. పెన్‌డ్రైవ్ అంత ఉండే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని గుచ్చి, స్పీకర్ వైరు దానికి తగిలించి, ఇందాక చెప్పిన జాబితాలో దాన్ని ఎంచుకోండి.