ఎర్ర గొంగళికి పంచాంగం లేదు

మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. వాన అలా రాదు. 2023లో నైరుతి రుతుపవనాలు కేరళను తాకింది జూన్ 8న. 2025లో మే 24కే వచ్చేశాయి. మీరు డోన్, ప్యాపిలి, బేతంచెర్ల వైపు రైతు సేవా కేంద్రంలో కొత్తగా చేరినవారైనా, కౌలుకు శెనక్కాయ వేసేవారైనా, వేపకాయలు ఏరి, గుట్టల్లో సీతాఫలాలు కోసి నాలుగు రూపాయలు చూసుకునేవారైనా ఈ పదిహేను రోజుల తేడా మీ పని మీదే పడుతుంది.

పురుగూ చెట్టూ పిట్టా అన్నీ కలిసి ఒకే తీరున ముందుకో వెనక్కో జరిగితే చిక్కు లేదు. కానీ ఒకటి వానను బట్టి కదులుతుంది, ఇంకొకటి ఎండను బట్టి. చలికాలంలో రోళ్లపాడు గడ్డినేలకు మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు ఎక్కువగా పగటి నిడివిని బట్టి బయల్దేరతాయి. వాటికి తిండి అయ్యే మిడతలు మాత్రం ఇక్కడి వానను బట్టి పెరుగుతాయి. భూమి వేడెక్కే కొద్దీ ఇలాంటి పొంతనలు తప్పుతాయి. కాబట్టి మీ పనికి సంబంధించిన జీవి దేన్ని బట్టి కదులుతుందో ముందు తెలుసుకోండి.

శెనక్కాయ చేలను తినే ఎర్ర గొంగళి పురుగు వానను బట్టి కదులుతుంది. నిరుటి పురుగు గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో తొమ్మిది పది నెలలు కోశస్థ దశలో పడి ఉంటుంది. మొదటి గట్టి వానకు నేల నానితే ఆ రాత్రికో మర్నాటికో రెక్కల పురుగై లేస్తుంది. ముందు రెక్కలు తెల్లగా, గోధుమ చారలతో, అంచున పసుపు గీతతో ఉంటాయి. ఒక్కొక్క ఆడపురుగు వందల గుడ్లు ఆకుల అడుగున పెడుతుంది. మూడు నాలుగు రోజులకు పిల్లలు. కొద్దిరోజులు గుంపుగా ఒకేచోట ఆకు గీకుతాయి, ఆ తర్వాత చేను నుంచి చేనుకు దండులా నడుస్తాయి. అంటే వాన పడిన రాత్రి నుంచి వారం పది రోజులే మీ చేతిలో ఉన్నవి.

అందుకని దీపపు ఎరల సామాను ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోండి. వేసవి దుక్కి చేయిస్తే మట్టిలోని పురుగు ఎండకూ పిట్టలకూ బలవుతుంది. వాన పడిన సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా మంటలు కానీ, కింద సబ్బునీళ్ల తొట్టి పెట్టిన దీపాలు కానీ ఊరంతా ఒకేసారి పెట్టాలి. ఒక్క చేనులోనే పెడితే పక్క చేల పురుగుల్ని పిలిచి మేపినట్టే. మన సీమలో వాన మండలమంతా ఒకేసారి పడదు. డోన్‌లో కురిస్తే పక్క ఊళ్లో దుమ్మే లేస్తుండొచ్చు. పై నుంచి ఆదేశం వచ్చేదాకా ఆగితే పని చెడుతుంది. తడిసిన ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దే రాయండి: ఈ రాత్రి ఏడింటికి మంటలు.

మే నెలలోనే గట్టి వాన పడితే ఇంకో ఇబ్బంది. పురుగు లేస్తుంది, చేనులో విత్తనం ఉండదు. అప్పుడది గట్ల మీది కలుపు మొక్కలపై గుడ్లు పెడుతుంది. పైరు లేదు కదా అని ఊరుకోకండి. గట్లు తిరిగి చూసి గుడ్లున్న ఆకులు కోసి కాల్చేయండి. ఒక్క విడతతో పీడ పోయిందనుకోవద్దు, తర్వాతి వానకూ చూడాలి. దండు బయల్దేరాక చేను చుట్టూ చాలు తీసి, అడ్డంగా జిల్లేడు కొమ్మలు వేస్తే పురుగులు వాటికి మూగుతాయి, ఏరి చంపొచ్చు.

వేప సంగతి వేరు. ఉగాది పచ్చడికి పూత అందినా, కాయ పండి రాలేది జూన్, జూలైల్లో. తొలివాన ముందుకు జరిగితే రాలిన పండ్లు తడిసి బూజు పడతాయి, వ్యాపారి ధర కోస్తాడు. 2015లో యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశాక ఈ గింజకు గిరాకీ పెరిగింది, నాసిరకం అమ్ముకోవడం తెలివితక్కువ పని. చెట్టు కింద పాత చీర పరిచి రోజూ ఏరండి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గోనెసంచుల్లోనే పోయండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పడుతుంది.

ఎర్రమల గుట్టల్లో సీతాఫలం కోసేవారికి ఒక్క మాట: దసరాను చూసి కోయకండి, కాయ కళ్ల మధ్య సందులు విచ్చి పసుపు కలిసిన తెలుపుకు మారాయా చూడండి. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే కొన్ని కాయలు గిడసబారి నల్లబడతాయి. 2023 ఆగస్టు దేశంలో 1901 తర్వాత అన్నిటికన్నా పొడి ఆగస్టు. అలాంటి ఏడు కాపు చూడకుండా తోపుకింతని బేరం కుదుర్చుకోవద్దు.

ఇలాంటి తేదీలు రాసిపెట్టడం కొత్తేమీ కాదు. జపాన్‌లో క్యోటో నగరపు చెర్రీ పూత తేదీలు పన్నెండు వందల ఏళ్ల నాటి నుంచి దొరుకుతాయి. 2021లో నిండు పూత మార్చి 26నే వచ్చింది, అంతవరకూ ఉన్న లెక్కల్లో అదే అన్నిటికన్నా ముందు. రాసినవాళ్లుంటేనే కదా ఆ సంగతి తెలిసింది. మీరు పెద్ద పుస్తకం రాయక్కర్లేదు. ఊరి పేరు, తొలి గట్టి వాన తేదీ, రెక్కల పురుగు కనబడిన రాత్రి, వేప పూత, కాయ రాలిన రోజు. ఒక నోటుబుక్కులో ఏడాదికి ఐదు వరసలు చాలు. బడిలో పనిచేసేవారైతే చెట్ల పూతా కాపూ నమోదు చేసే సీజన్‌వాచ్‌లో పిల్లల్ని చేర్చండి. రైతు సేవా కేంద్రం ఉద్యోగులైతే, బదిలీ వచ్చినప్పుడు చార్జి అప్పగించే కాగితాలతో పాటు ఆ నోటుబుక్కూ ఇచ్చి వెళ్లండి, ఏ ఊరి గట్ల కింద పురుగు ఎక్కువో వెనక అట్ట మీద రాసి.