మొరము బాటలపై సైకిలు ప్రయాణము
(గద్వాల నుండి నల్లమల అంచు వరకు)

సైకిలు మన గ్రామములకు క్రొత్త వస్తువు కాదు. అది పాలక్యానులను మోసినది, టపా సంచిని మోసినది, పరీక్షకు పోవు పిల్లవానిని వెనుక కూర్చుండబెట్టుకొని మోసినది. అయితే పనిలేని దినమున ఊళ్ళను, పొలములను, అడవి అంచులను చూచుటకై తారురోడ్డు విడిచి మట్టిబాట పట్టువారు మనలో తక్కువ. పాశ్చాత్య దేశములలో ఇది నేడొక ప్రత్యేక క్రీడ. దీనిని గ్రావెల్ సైక్లింగు అందురు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా అను చిన్న పట్టణములో 2006వ సంవత్సరమున కొద్దిమందితో మొదలైన పందెమునకు ఇప్పుడు వేలమంది వచ్చుచున్నారు. 2022లో ఇటలీలో దీనికి ప్రపంచ పోటీలు కూడ ప్రారంభమైనవి. ఇంతకు వారు వెదకికొనుచున్న బాట ఎట్టిది? మిట్టపల్లముల నడుమ, మేత బీళ్ళ మీదుగా, పలుచగా కంకర పరచిన ఒంటరి దారి. అట్టి దారి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఏ ఊరి పొలిమేర దాటినను కనిపించును.

ఈ క్రీడకు లక్షల విలువగల సైకిలు కావలెనని భయపడనక్కరలేదు. గ్రావెల్ సైకిళ్ళకు సాధారణముగా ముప్పది యెనిమిది మొదలు నలుబది అయిదు మిల్లీమీటర్ల వెడల్పుగల టైర్లు వాడుదురు. మన ఇంటి వసారాలో త్రుప్పుపట్టుచున్న పాత నల్ల సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళము, అనగా ముప్పది యెనిమిది మిల్లీమీటర్లే. దానికి గేర్లు లేకపోవుట నిజమే. ఎత్తు వచ్చినచోట దిగి నడిపించుకొని పోవుటలో చిన్నతనము లేదు. మేము కూడ పలుమార్లు అట్లే నడచితిమి.

మొరము మీద నడపుటకు మాత్రము కొంత అభ్యాసము వలయును. టైరులో గాలి బిగువుగా ఉన్నచో చక్రము ప్రతి రాతిమీద ఎగిరిపడును. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినపుడు కొంచెము లోనికి పోవునట్లు గాలి ఉంచుకొనవలెను. మరీ తగ్గించినచో రాయి తగిలినపుడు ట్యూబు రిమ్ముకు నలిగి చిల్లిపడును. దిగుడులో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టినవాడు తప్పక పడును. వెనుక బ్రేకు మెల్లగా పట్టి, మోచేతులు సడలించి, సీటు మీది నుండి కొంచెము లేచి, సైకిలును దాని దారిన పోనీయవలెను. ఎత్తు ఎక్కునపుడు దీనికి విరుద్ధము. సీటు మీద కూర్చుండియే త్రొక్కవలెను. లేచి త్రొక్కినచో వెనుక చక్రము మీద బరువు తగ్గి, అది మొరములో వట్టిగా తిరుగును. బండ్లబాట అయినచో బండిచక్రము పడిన గాడిలో నేల గట్టిపడి యుండును, నడుమ గడ్డిలో రాళ్ళు దాగియుండును. కావున గాడినే పట్టి పోవుట మేలు. వాన కురిసిన మరునాడు నల్లరేగడి నేలల జోలికి పోరాదు. ఆ మట్టి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ దట్టముగా చేరి, చివరకు సైకిలును భుజము మీద వేసికొనవలసి వచ్చును. ఎఱ్ఱ చెలకలలో ఈ బాధ అంతగా లేదు.

అన్నిటికంటె పెద్ద శత్రువు సర్కారు తుమ్మ. మా మొదటి ప్రయాణమున ఒక పూటలోనే మూడుమార్లు ముల్లు దిగినది. మూడవసారికి మా వద్ద సొల్యూషను అయిపోయినది. గొఱ్ఱెల కాపరి యొకరు జాలిపడి దగ్గరలోని ఊరికి దారి చూపగా నాలుగు కిలోమీటర్లు సైకిలు త్రోసికొని పోతిమి. నాటి నుండి మా సంచిలో రెండు ట్యూబులు, పంపు, ప్యాచీలు, మూడు లీటర్ల నీరు తప్పక ఉండును.

ఇక దారి. గద్వాల కోట వద్ద తెల్లవారకముందే బయలుదేరినచో ధరూరు మండలములోని జూరాల ఆనకట్టకు ఎండ ముదరకముందే చేరవచ్చును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ భాగమునే నడిగడ్డ అందురు. ఆనకట్ట మీది రోడ్డున కృష్ణను దాటినచో ఆత్మకూరు, అమరచింతల వైపు వనపర్తి జిల్లా. అక్కడి నుండి చెలకల గుండా, గుండ్రాళ్ళ గుట్టల ప్రక్కగా మట్టిబాటలు మదనాపురము వైపు సాగును. ఆ మండలములోనిదే సరళాసాగరము. ఇచట కొంత ఆగి చూడవలెను. వనపర్తి సంస్థానాధీశులు తమ మాతృమూర్తి పేర తలపెట్టిన ఈ ప్రాజెక్టు పని 1949లో మొదలై 1959లో ప్రారంభోత్సవము జరిగినది. దీని ప్రత్యేకత సైఫనులు. జలాశయములో నీరు నిర్ణీత మట్టమునకు చేరగానే సైఫనులలోని గాలి బయటికి పోయి, తలుపులు ఎత్తు మనిషి లేకుండగనే నీరు దుముకును. మట్టము తగ్గగానే గాలి లోనికి చొరబడి ప్రవాహము తనంతట తానే ఆగును. అయినను మట్టికట్టకు నిత్యము కావలి వలయును. 2019 డిసెంబరు 31న ఈ కట్టకు గండిపడి నీరంతయు పోయినది. తరువాత దానిని తిరిగి కట్టిరి.

కట్టల మాట వచ్చినది కనుక ఒక సంగతి. దేశములో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినను, రోడ్డు వేసినను, మట్టిపనికి పాలమూరు కూలీలు పోయిరి. ఊరూరి దారులను పరచిన ఆ చేతులవారి సొంత ఊరి బాటయే అనేకచోట్ల గతుకులతో మిగిలిపోయినది. సైకిలుపై పోవువానికి ఈ విషయము పుస్తకములో చదివినదానికంటె బాగుగా, నడుము ద్వారా తెలియును.

వనపర్తి దాటి పానగల్ కొండ ప్రక్కగా కొల్లాపురము చేరుట మరియొక దినము పని. కొల్లాపురము పూర్వపు జటప్రోలు సంస్థానమునకు రాజధాని. చుట్టును మామిడితోటలు. నీడలో భోజనము చేసి, సింగోటము చెరువుగట్టున నరసింహస్వామి ఆలయము చూచి, సాయంకాలమునకు సోమశిల చేరినచో ఎదుట శ్రీశైల జలాశయపు నీరు కనుచూపు మేర పరచుకొని యుండును. మా మటుకు మాకు ఈ ప్రయాణములో దీనిని మించిన సాయంకాలము లేదు.

సోమశిల నుండి అచ్చంపేట వైపు తిరిగి, రంగాపురము ఉమామహేశ్వరము కొండల క్రిందుగా పోయినపుడు నల్లమల గాలి ముఖమునకు తగులును. అడవి అంచు గ్రామముల బాటలు ఎంతయో మనోహరములు. కాని ఇక్కడ సైకిలుకు హద్దు కలదు. అమ్రాబాదు పులుల రక్షిత ప్రాంతము రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే లోనికి పోరాదు. మన్ననూరు మీదుగా శ్రీశైలము పోవు రహదారిని కూడ రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వరకు మూసివేయుదురు. ఫరహాబాదు చూడగోరువారు అటవీ శాఖవారి వాహనమెక్కి పోవలెను. శబ్దము చేయని సైకిలు మలుపులో ఎలుగుబంటికి అకస్మాత్తుగా ఎదురైనచో ఏమగునో ఊహించుకొనుడు.

తిరుగు ప్రయాణమున నాగర్‌కర్నూలు జిల్లాలో ఒకచోట మేము నక్షాలో చూచుకొన్న బండ్లబాట ప్రత్తిచేనిలో అంతమైనది. ఇరుప్రక్కల నుండి ఏటేట ఒక్కొక్క సాలు జరుపుచు దున్నగా పదునారు అడుగుల బాట గట్టుగా మారి, చివరకు ఆ గట్టును మాయమైనది. సైకిలు త్రోసికొనుచు చేను గట్టున వచ్చుచున్న ఒక బాలికను దారి అడిగితిమి. "ఇదే బాట సార్, మా నాయిన చిన్నప్పుడు ఇట్లనే బడికి పోయెటోడంట" అని ఆమె నవ్వినది. వానాకాలమున చేలో బురదైనచో లారీలు తిరుగు పెద్దరోడ్డు మీదుగా మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవలెనట. అట్టి దినములలో తల్లి బడికి పంపదట.

గ్రామ నక్షాలో చుక్కల గీతలతో చూపబడిన బాట ఏ ఒక్కరి సొత్తును కాదు. నక్షా నకలు కొరకు తహసీల్దారు కార్యాలయమున దరఖాస్తు చేసికొనవచ్చును. బాట ఆక్రమణకు గురియైనచో గ్రామ పంచాయతీ తీర్మానముతో సర్వేకు కోరవచ్చును. సర్వేయరు కొలిచి హద్దురాళ్ళు చూపును. ఆ ఊరి పెద్దలతో మేము ఈ మాటయే చెప్పితిమి. వారిలో ఒక వృద్ధుడు లేచి, బాట మొదట జరిపినవాడు తానేనని ఒప్పుకొని, రాయి ఎక్కడ ఉండెడిదో చూపెదనని మా వెంట చేనికి వచ్చెను.