గ్రాట్స్ జనం విడిపించుకున్న గడియారం

ఆస్ట్రియాలో వియన్నా తర్వాత పెద్ద పట్టణం గ్రాట్స్. దాని నడుమ ష్లోస్‌బెర్గ్ అనే గుట్ట, గుట్ట మీద కోట. 1809లో నెపోలియన్ సైన్యం చుట్టుముట్టినా ఆ కోట లొంగలేదు. అయితే యుద్ధంలో ఆస్ట్రియా ఓడింది, సంధి ప్రకారం కోటను కూల్చాల్సి వచ్చింది. అప్పుడు ఊరివాళ్ళు ఫ్రెంచివాళ్ళకి డబ్బు కట్టి గడియారం బురుజునీ, గంట బురుజునీ విడిపించుకున్నారు. తమ ఊరి బురుజులకి తామే వెల కట్టడమంటే ఎంత కడుపుమంటగా ఉండి ఉంటుందో! కోట పోయింది, ఆ రెండూ నిలిచాయి. పాత పట్టణానికి యునెస్కో గుర్తింపు 1999లో వచ్చింది.

ఆ గడియారంలో పెద్ద ముల్లు గంటలు చూపిస్తుంది, చిన్నది నిమిషాలు. దూరానికి కనబడాలని మొదట గంటల ముల్లొక్కటే పెద్దగా పెట్టారు, నిమిషాలది తర్వాత చేర్చారు. ఫోటోలో నేను రెండుసార్లు టైము తప్పు చదివాను.